మూడు మూలల బిళ్ల

నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు పెట్టుకున్న నాగేశ్‌కు ఊరు పెట్టిన పేరు ఫార్వర్డ్ నాగేశ్. పొద్దున లేవగానే జనం ముఖం కడుక్కుంటారు. ఆయన మాత్రం నాలుగు గ్రూపులకు శుభోదయం పంపిన తరవాతే ముఖం సంగతి ఆలోచిస్తాడు.

ఆయన భార్య రోజది ఇంకో రకం జబ్బు. భయం. ఏడాదిన్నర కూతురు లిదియా తుమ్మితే జలుబంటుంది, తుమ్మకపోతే ముక్కులో ఏం ఇరుక్కుందోనని టార్చి వేసి చూస్తుంది.

ఇంత భయస్తురాలూ ఒక ధైర్యం చేసింది. తొమ్మిదో తరగతిలో ఆగిపోయిన చదువును ఓపెన్ టెన్త్‌లో మళ్లీ అందుకుంది. పది పాసయితే అంగన్‌వాడీలో పనికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆశ. క్లాసులు ఆదివారం రెండు నుంచి ఐదు దాకా. మొదటి క్లాసుకు రానివాళ్ల పేరు కొట్టేస్తామని టీచరు ముందే చెప్పింది. ఆ మూడు గంటలూ పిల్లను నాగేశ్ చూసుకోవాలి.

"చూస్కుంట, అదెంత పని!" అన్నాడు పేరు రాయించిన రోజు. తరవాత ఒకసారి ఇరవై నిమిషాలు చూసుకున్నాడు కూడా. ఆ ఇరవై నిమిషాల్లో లిదియా ఆయన ఫోన్‌ను బకెట్లో ముంచి, పైకి తీసి, బాగా నానలేదని మళ్లీ ముంచింది. అప్పటి నుంచి నాగేశ్ ఉపాయం వెతుకుతున్నాడు.

ఉపాయం సోలాపూర్ నుంచి వచ్చింది.

నాగేశ్ తాత దేవానందం ఒకప్పుడు సోలాపూర్ బట్టల మిల్లుకు వలస పోయినవాడు. అలా పోయివచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలూ మనవలూ కలిసి 'మిల్లు బిడ్డలం' అని ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. ఒకప్పుడు మిల్లు గేటు దగ్గర హాజరు బిళ్లలు చూసిన ముసలి గుమస్తా బసవరాజ్ దానికి పెద్ద. ఒకరు తెల్లారకముందే కూసే సైరన్ గురించి రాస్తారు. ఒకరు చినిగిన సోలాపూర్ చద్దరు ఫోటో పెడతారు. దానికి నూటపది మంది ఏడుపు బొమ్మలు పెడతారు.

నాగేశ్ ట్రంకు పెట్టె అడుగు నుంచి తాత హాజరు బిళ్ల తీశాడు. ఇత్తడిది. మూడు మూలలు. మీద 417 అంకె.

"గ్రూపుల అందరు పెట్టినయి గుండ్రటి బిళ్లలే. మనది సూడు, మూడు మూలలు! తాత కూలోళ్ల మీద మేస్త్రీ అన్నట్టు."

"నీకెవరు చెప్పిన్రు?" అంది రోజ.

"ఒకరు చెప్పాల్నా? పెద్ద పోలీసాయన టోపీ, జవాను టోపీ ఒక్క తీరుగుంటయా?"

మూలన కూర్చుని వక్క కొరుకుతున్న నాయనమ్మ సంగమ్మను అడిగాడు. "ఏందవ్వా, తాత మిల్లుల పెద్దోడే గదా?"

"మిల్లు కాడనే ఉండెరా," అని ముసలమ్మ ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

అంతే. గ్రూపులో పోస్టు పడింది. 'మా తాత నలభై మగ్గాల మేస్త్రీ. మా తాత గేట్ల అడుగువెడితెనే సైరన్ కూసేది. మా ఇంట్ల మగోళ్లు బయట, ఆడోళ్లు ఇంట్ల, అదే పద్ధతి. తాత నడిచిన అడుగుల్లనే నేను నడుస్త. ఈ ఆదివారం పగటీలి, చర్చి విడువంగనే, మా ఇంట్ల తాత యాది సభ. తాత బిళ్ల గూడ అప్పుడే చూపిస్త. అందరు రావాలె.'

రోజ చదివింది. "ఆదివారమా? పగటీలా?"

"అరే, నీ క్లాసు ఉంది గదా! యాదికి లేదే."

"నిన్న చెప్పిన క్లాసు యాదికి లేదు గానీ యాభై ఏండ్ల కిందటి మగ్గాలు లెక్కతోని యాదికున్నయి!"

"పది మందే వస్తరు రోజా. చాయ్ పోసే మనిషి లేకుంటే ఇజ్జత్ పోదా? క్లాసు మల్ల వచ్చే వారం పోదువు."

"వచ్చే వారానికి నా పేరుండది."

నాగేశ్ ఫోన్‌లోకి ముఖం పెట్టేశాడు.

ఆదివారం చర్చి విడవగానే జనం రావడం మొదలైంది. కల్హేర్ నుంచి ఒక ఆటో, సిర్గాపూర్ నుంచి రెండు. ముందురోజే సోలాపూర్ నుంచి వచ్చి కంగ్టిలో చుట్టాలింట దిగిన బసవరాజ్ ఒక ఆటోలో, ఆయన వెనక ఇంకోటి. పది మంది కాస్తా నలభై ముగ్గురయ్యారు. గ్లాసులు పన్నెండే. రోజ కడిగి పోస్తోంది, పోసి కడుగుతోంది, మధ్యలో గడియారం చూస్తోంది. ఒంటిగంట. ఒకటింబావు. చాయ్ కన్నా ముందు ఆమె కళ్లే పొంగేలా ఉన్నాయి.

బయట యాదులు జోరందుకున్నాయి.

"మా చాల్‌ల, వరుసగ ముప్పై కూలోళ్ల ఇండ్లకు ఒక్కటే నల్లా," అన్నాడు కల్హేర్ అంబదాస్. "ఆడనే నర్మద వాళ్లమ్మ మా అమ్మ బిందెను సొట్ట జేసింది."

"మీ బిందె ముందే సొట్ట!" అని లేచింది సిర్గాపూర్ నర్మద.

"గదే సొట్ట అయితే ఎడమ దిక్కుండాలె. కుడి దిక్కు సొట్ట మీరు జేసిందే!"

ఇద్దరికీ అప్పుడు ఐదేళ్లు కూడా ఉండవు. బిందె ఏనాడో పాత సామానుకు పోయింది. అయినా విడదీయడానికి నలుగురు పట్టారు. జనం చూపు మళ్లించాలని నాగేశ్ సభ మొదలుపెట్టేశాడు. పొద్దున బిళ్ల పెట్టి చేతిరుమాలు కప్పి ఉంచిన పళ్లెం తెచ్చాడు.

"గిప్పుడు మీరు చూడబోయేది మేస్త్రీ బిళ్ల!"

రుమాలు తీశాడు. పళ్లెం ఖాళీ.

అందరూ పళ్లెం వైపు చూశారు. రోజ ఒక్కతే లిదియా వైపు చూసింది. పిల్ల తలుపు పక్కన నిలబడి ఉంది. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. అన్నిటికన్నా ఘోరం, చప్పుడు చేయడం లేదు.

"పిల్ల నోట్ల బిళ్ల!"

నలభై ముగ్గురూ నలభై మూడు వైద్యాలు చెప్పారు. తలకిందులు పట్టమని ఒకరు, అరటిపండు తినిపించమని ఒకరు, జల్దీ దవాఖానకు నడవమని ఒకరు. అరటిపండు కోసం నాగేశ్ వీధిలోకి పరుగెత్తి, ఎందుకు వచ్చాడో మరిచిపోయి తిరిగొచ్చాడు. ఈలోగా రోజ పిల్లను పట్టుకుంటే, బసవరాజ్ ఒక్క వేలు బుగ్గలోకి పోనిచ్చి బిళ్లను బయటికి లాగాడు. ముప్పై ఏళ్లు మనుషుల దగ్గర బిళ్లలు తీసుకున్న చెయ్యి అది.

లిదియా కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విని రోజకు ప్రాణం లేచి వచ్చింది.

బసవరాజ్ బిళ్లను ధోతికి తుడిచి, కళ్లద్దాలు సర్దుకున్నాడు. "గిది ఎవరిది?"

"మా తాతది. మేస్త్రీ బిళ్ల," అన్నాడు నాగేశ్ రొప్పుతూ.

"ఎక్కడి మేస్త్రీ, బిడ్డా! మా మిల్లుల మగోళ్లకు గుండ్రటిది, ఆడోళ్లకు మూడు మూలలది. పొద్దుగాల చీకట్ల చేతికి తాకంగనే తెల్వాలె గదా." అంకె చూశాడు. పాత అలవాటున గొంతు పెంచాడు. "నాలుగు వందల పదిహేడు! నూలు కండెలు చుట్టే ఖాతా! సంగమ్మ!"

"హాజర్!" అంది మూలన ఉన్న ముసలమ్మ. చెయ్యి కూడా లేపింది.

వాకిట్లో తలలన్నీ ముసలమ్మ వైపు తిరిగాయి. నాగేశ్ అరటిపండు లేకుండానే గుటక మింగాడు. "అవ్వా... మరి తాత?"

"మీ తాత ఒక్క దినం పోయిండు. మగ్గాల చప్పుడుకు చెవులు మూసుకొని ఉరికొచ్చిండు. మూడు దినాలు జరం. కడుపు నిండాలె గదా, ఇగ నేను పోయిన."

"ఇంట్ల?"

"ఇంట్ల ఆయననే. రొట్టెలు జేసెటోడు, మీ నాయినను సాకెటోడు. పగటీలి సైరన్ కూయంగనే పిల్లగాన్ని సంకకేసుకొని, రొట్టెల మూట పట్టుకొని గేటు కాడ నిలబడుతుండె. నేను పాలిచ్చి మల్ల లోపలికి పోతుంటి."

"రొట్టెల దేవానందం!" బసవరాజ్ తొడ చరుచుకున్నాడు. "ఆయన జొన్నరొట్టెకు మేస్త్రీలు గూడ చెయ్యి చాపెటోళ్లు!"

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అవ్వా?"

"ఊళ్లె చెప్పకు అని ఒట్టు వేయించుకుండు. నేను చెప్పలే. నీ బిడ్డ నోట్లకెల్లి బయటికొస్తే నేనేం జేద్దు?"

నలభై ముగ్గురు నవ్విన నవ్వుకు వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి. రోజ నవ్వలేదు. ఫోన్ తెచ్చి, బడిలో పాఠం చదివినట్టు గట్టిగా చదివింది. "'తాత నడిచిన అడుగుల్లనే నేను నడుస్త.' ఇది నువ్వు రాసిందే గదా?"

"నేనే... గానీ..."

"రెండుకు పది తక్కువ," అని లిదియాను ఆయన సంకలో పెట్టింది.

సంచి తీసుకుని గేటు దాటింది. జరం మందు ఏ అరలో ఉందో చెప్పడానికి వెనక్కి వచ్చింది. మళ్లీ దాటింది. పొయ్యి దగ్గరికి పిల్లను పోనివ్వొద్దని చెప్పడానికి వచ్చింది. మూడోసారి వెనక్కి తిరగగానే సంగమ్మ లేచి నిలబడింది.

"పోతవా, నీ క్లాసుకు నన్ను పొమ్మంటవా?"

రోజ పరుగెత్తింది. టీచరు హాజరు పిలుస్తుండగా తలుపు దగ్గరికి చేరింది. తన పేరు రాగానే "హాజర్!" అంది. క్లాసంతా తిరిగి చూసింది.

మూడున్నరకు మధ్య విరామం గంట కొట్టారు. బయటికి వచ్చి చూస్తే బడి గేటు దగ్గర నాగేశ్. జుట్టు నిండా జొన్నపిండి. సంకలో లిదియా. చేతిలో రుమాలు మూట. బిళ్ల మీద కప్పిన ఆ రుమాలే.

"పిల్ల ఊకుంటలేదే. నాకు ఊకోబెట్టొస్తలేదు. రొట్టె తెచ్చిన, తిను."

రోజ ముందు పిల్ల నుదురు తాకి చూసింది, తరవాత మూట విప్పింది. రొట్టె ఒక దిక్కు మాడింది, ఒక దిక్కు ఉడకలేదు. ఆకారం మాత్రం కచ్చితంగా మూడు మూలలు.

"మేస్త్రీ రొట్టెనా?" అంది.

"అవ్వ చెప్పింది. తాతకు మొదటిది గిట్లనే వచ్చిందట."

ఆ మాటకు రోజ నవ్వు ఆపుకోలేక, మాడని వైపు కొరికింది. అప్పుడే ఫోన్ మోగింది. మిల్లు గేటు అలవాటు పోక వెనకే వచ్చిన బసవరాజ్ గ్రూపులో ఫోటో పెట్టాడు. గేటు, పిల్ల, మూట, నాగేశ్ ముఖం. కింద ఒక్క ముక్క: '417 వాళ్లింటి మగోళ్లు మల్ల గేటు కాడికి వచ్చిన్రు.'

"రోజా, గీ ఫోటో ఎవరికి పంపకు, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు నాగేశ్.

రోజ పంపలేదు. పంపే పని కూడా పడలేదు. ఫార్వర్డ్ నాగేశ్ బతిమాలడం అయ్యేలోగా అది ఆయన నాలుగు గ్రూపులూ తిరిగి, మళ్లీ ఆయన ఫోన్‌కే వచ్చింది.