నిసార్ జేబులో ఏడు ప్రశ్నలు

సర్జన్‌ని ప్రశ్నలు అడగడం తప్పు! గుండెకు వాల్వు మార్చే ముందైతే మహాపరాధం! నోరు తెరిచే వ్యవధి ఇవ్వని డాక్టరు దొరకడం తమ అదృష్టమని విజయవాడ రోగులు ఇప్పటికైనా గుర్తించాలి. జవాబు తెలిస్తే భయం, తెలియకపోతే హాయి. మీకేది కావాలి?

గుణదలలో వడ్రంగం చేసే నిసార్ అహ్మద్‌నే చూడండి. తెల్లారితే ఆయనకు వాల్వు ఆపరేషన్. కూతురు సబీహా నెట్ సెంటర్‌లో కూర్చుని ఏడు ప్రశ్నలు రాసుకొచ్చి తండ్రి జేబులో పెట్టింది. ఏ రకం వాల్వు వేస్తారు? ఎన్నేళ్లు మన్నుతుంది? ఇలాంటివి ఎన్ని చేశారు? తేడా వస్తే ఏం చేస్తారు? కంప్యూటర్లొచ్చి పిల్లల్ని ఎలా పాడుచేస్తున్నాయో చూశారా!

మొదటి ఆరింటి సంగతి నిసార్ పెద్దగా పట్టించుకోలేదు. ఏడోదే ఆయన్ని తినేస్తోంది. లోహపు వాల్వు వేస్తే రక్తం పలచబడే మాత్ర జీవితాంతం మింగాలట. చిన్న గాయమైనా రక్తం ఓ పట్టాన ఆగదట. ఆయన చేతులకు ఉలి గాట్లు పడని రోజు లేదు. మళ్లీ ఉలి పట్టొచ్చా? వద్దంటే ఆ ఇల్లు గడిచేదెలా?

పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చారు. వెనక చిన్న డాక్టర్లు, నర్సులు, పెళ్లి ఊరేగింపంత మంది. మంచానికి అర నిమిషం. అదీ ఎక్కువే! నిసార్ జేబులో చెయ్యి పెట్టేలోగా, కేస్ షీట్‌లో ఆయన చేసే పని చూసి డాక్టరుగారు ఆగిపోయారు.

డాక్టరుగారు పటమటలో ఇల్లు కట్టిస్తున్నారు. సింహద్వారానికి ఏ చెక్క మంచిదని అడిగారు. టేకైతే ఎన్నేళ్లు మన్నుతుందన్నారు. ఇలాంటివి ఎన్ని చేశావన్నారు. వానకు ఉబ్బి తేడా వస్తే మళ్లీ వచ్చి సరిచేస్తావా అన్నారు. పావుగంట గడిచింది. నిసార్ ఒక్కోదానికీ ఓపిగ్గా, అర్థమయ్యేలా జవాబు చెప్పాడు.

"ఇన్ని అడిగానని ఏమీ అనుకోకు మేస్త్రీ," అన్నారు డాక్టరుగారు. "అడక్కుండా ఎలా ఒప్పుకుంటాం? ఇల్లున్నన్నాళ్లూ ఉండాల్సిన తలుపు."

"నిజమేనండి." నిసార్ చీటీ బయటికి తీశాడు. "నాదీ ఒకటుందండి..."

"గుండె సంగతి మాకొదిలెయ్. శ్రావణంలో గృహప్రవేశం. తలుపు నీ చేత్తోనే చెయ్యాలి."

ఊరేగింపు పక్క మంచానికి కదిలింది. నర్సు ఇంగ్లీషు కాగితం తెచ్చి, పెన్సిల్ గుర్తున్న చోట సంతకం పెట్టమంది. మళ్లీ ఉలి పట్టొచ్చో లేదో తెలియని చెయ్యి సంతకం పెట్టింది.

మర్నాడు ఇద్దరూ ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లారు. సందేహాలన్నీ తీరి, నిశ్చింతగా వెళ్లింది మాత్రం డాక్టరుగారే.