మూడో వరస మీద మరక

ఆ ఆదివారం పొద్దున్న అచ్చులాయన పెట్టుకున్న పని ఒక్కటే. అటక దులపడం. ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే హెడ్ కంపోజిటర్‌గా రిటైరైన మనిషి, అందుకే వీధిలో ఆ పేరు. నిచ్చెన ఎక్కాడు, రెండు తుమ్ములు తుమ్మాడు, రేకుపెట్టె ఒకటి కిందికి దించాడు. అక్కడితో అటక సంగతి అయిపోయింది. పెట్టె నిండా పెళ్ళికి ముందు ఆయన రాసిన ఉత్తరాలే.

"అయ్యో, ఇవింకా ఉన్నాయా!" అంటూ వాళ్ళావిడ చీపురు అక్కడే పడేసి కూర్చుంది. మనవరాలు ఒక కాగితం తీసి చూసి, "ఇదేం భాష అమ్మమ్మా? ఒక్క మాటా అర్థమై చావదే!" అంది.

"మా నాన్న చదవకుండా ఉండాలని. నాకొచ్చే ప్రతి జాబూ ముందు ఆయనే చింపి చదివేవాడు. పాపం, వీటితో వారం రోజులు కుస్తీ పట్టి, పెళ్ళికొడుక్కి చేతిరాత బాలేదని తేల్చాడు."

అచ్చులాయనకి హుషారొచ్చింది. ఎప్పటి మాట! "ఎనిమిదేసి అక్షరాలు ఒక వరసగా కొయ్యాలమ్మా. తాళం అంకెల ప్రకారం ఒక్కో అక్షరం తీసి ఇంకోటి పెట్టాలి. తర్వాత వాటి చోట్లు తారుమారు చెయ్యాలి. ఇలా నాలుగు చుట్లు. తేలినదాన్ని కింది వరసలో కలిపి మళ్ళీ మొదలు. ఆఖరి వరస నిండకపోతే ఉత్తుత్తి అక్షరాలు కుక్కాలి. మధ్యలో ఒక్కటి తప్పానా, అక్కణ్ణుంచి కిందంతా మళ్ళీ రాసుకోవాల్సిందే. ఎన్నిసార్లు ఏడ్చానో!"

మనవరాలిది కంప్యూటర్లలో సమాచారానికి తాళాలేసే ఉద్యోగం. నోరు తెరిచేసింది. "తాతా, దీన్నే మేము బ్లాక్ సైఫర్ అంటాం! వెయ్యడానికీ తియ్యడానికీ ఒకటే తాళం. ఫోన్లో మనం పంపుకునే మాటలు ఇలాగే ముక్కలై వెళ్తాయి."

"ఇదొక్కటీ నేను చదవనేలేదు," అంది ఆవిడ అడుగున ఉన్న కాగితం తీసి. "పెళ్ళి ముందురోజు వచ్చింది. ఇంటినిండా చుట్టాలు. మర్నాటికల్లా రాసిన మనిషే పక్కన కూర్చున్నాడు, ఇంక చదివేదేముంది?"

అచ్చులాయన ఆ కాగితం వైపు వంగి చూశాడు. చదవలేదా? పెళ్ళిచూపుల్లో హెడ్ కంపోజిటర్నని కోతలు కోసేసి, నిద్రపట్టక, నిజం ఒప్పుకుంటూ రాసిన జాబు అది. చదివి కూడా పీటల మీదికి వచ్చిందనీ, ఒక్క దెప్పుమాట అనలేదనీ నలభై నాలుగేళ్ళుగా ఆవిడని దేవతలా చూస్తున్నాడు. ఆ దేవతకి సంగతే తెలియదన్నమాట!

"తాళం గుర్తుందా అమ్మమ్మా?"

"మూడు, ఏడు, ఒకటి, ఎనిమిది, రెండు, ఆరు, ఐదు, నాలుగు," అంది ఆవిడ తడుముకోకుండా. నిన్న ఏం కూర వండిందో గుర్తుండని మనిషి!

"అబ్బా, చెయ్యి జారింది!" అచ్చులాయన చేతిలోని గ్లాసెడు టీ కాగితం మీద పడింది. సరిగ్గా మూడో వరస మీద. ఒక్క వరస చెడితే కిందంతా చెడినట్టే కదా అని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం ఫర్వాలేదు తాతా. నీ తిప్పలన్నీ రాసేటప్పుడే. విప్పేటప్పుడు చెడ్డ వరసా, దాని కింద వరసా, ఆ రెండే పోతాయి. మిగతాది శుభ్రంగా వస్తుంది," అంటూ మనవరాలు ఫోన్లో టకటకా కొట్టింది. కొట్టి, గొంతు తగ్గించి చదివింది.

"పెళ్ళికి ముందే నీకు ఒక నిజం చెప్పాలి. నాకు... పెళ్ళి చేసుకోవడం ఇష్టం లేదు."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. మొదట మూత పడింది. తర్వాత గిన్నె. తర్వాత ఇంట్లో ఉందని ఆయనకే తెలియని ఇత్తడి సామానేదో పడింది.

"అది కాదే! మధ్యలో రెండు వరసలున్నాయే!"

"పోయిన వరసల్లో ఏమైనా చెప్తారు. నోరుంది కదా!"

ఇంక దాచి లాభం లేదు. గుమ్మం పట్టుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు: "నాకు అచ్చులు కడగడమే వచ్చు. అది దాచి నిన్ను పెళ్ళి చేసుకోవడం ఇష్టం లేదు. అదీ రాసింది! కంపోజింగు పెళ్ళయ్యాక రెండేళ్ళకి నేర్చుకున్నాను."

గిన్నెలు ఆగాయి.

"కడిగేవారని పెళ్ళిచూపుల నాడే తెలుసు," అంది ఆవిడ. "మోచేతుల దాకా సిరా వదిలించే సోడానీళ్ళకి చర్మం ఊడి ఉంది. అక్షరాలు పేర్చేవాడి చేతులా అవి?"

"మరి అడగలేదేమే?"

"మీరే చెప్తారని చూశాను. ఇవాళ చెప్తారు, రేపు చెప్తారు... నలభై నాలుగేళ్ళు చూశాను. ఈయనకి నా దగ్గర ఇంకా దాపరికమేనా అని ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో!"

"చెప్పానే! పోస్టులో చెప్పాను!"

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఆవిడకే నవ్వొచ్చింది. కొంగుతో కాగితాన్ని అద్ది, జాగ్రత్తగా ఎండలో పెట్టింది.

"సరే, జాబు ఇవాళే అందింది కదా. ఈ పెళ్ళికి ఒప్పుకోవాలో వద్దో ఆలోచించుకుని చెప్తాను."

ఆ జవాబు ఇంకా రాలేదు గానీ, భోజనం మాత్రం వేళకి వస్తోంది.