సూట్‌కేసు తిరిగొచ్చిన ఆదివారం

ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుంది: ఇందులో తప్పెవరిదని అడిగితే నేను చిట్టినే చూపిస్తాను. కాకపోతే పాపం, ఆమె ఉద్దేశం మంచిదే.

చిట్టిది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం. కొత్త సోఫా కొని నెలైనా రాని సంతోషం, కింది వాటా టీచరమ్మతో పావుగంట కబుర్లాడితే వస్తోందని ముందురోజే కనిపెట్టింది. అందుకని ఆదివారం పొద్దున్నే, కాఫీ కలుపుకుంటూ, తనకు కావలసిన ముగ్గురికీ ఒకే మెసేజ్ పెట్టింది: 'ఇన్నాళ్లూ మీరు చేసినవాటికి కృతజ్ఞతలు. నాకు వస్తువులకన్నా మనుషులే ముఖ్యం.' పంపే ముందు రెండుసార్లు సరిచూసింది. అక్షరదోషం లేదు.

కృతజ్ఞతలు చెప్పేది సభ ముగించేటప్పుడేనన్న సంగతి మాత్రం తట్టలేదు.

పది నిమిషాల్లో టీచరమ్మ ఆయాసపడుతూ మడత నిచ్చెన పైకి మోసుకొచ్చింది.

"మూడేళ్లు ఉంచేసుకున్నానమ్మా, నిజమే. నోరు తెరిచి అడిగితే ఇవ్వనా? దానికింత ఉపన్యాసం ఎందుకు?"

నిచ్చెన గోడకానించి, కూర్చోమన్నా కూర్చోకుండా దిగిపోయింది. తనకో నిచ్చెన ఉందన్న విషయమే చిట్టికి గుర్తులేదు. తేరుకునేలోపు వీధి చివరి దర్జీ వచ్చాడు. ఎప్పుడో వానాకాలంలో తీసుకెళ్లిన గొడుగు, ఆమె కుట్టమనిచ్చి మరిచిపోయిన పరదాలు సోఫా మీద పెట్టి, కొత్త దర్జీ ఎవరని నిష్ఠూరంగా అడిగాడు.

కంగారులో చిట్టి ఇంకో మెసేజ్ పెట్టింది: 'దయచేసి అపార్థం చేసుకోవద్దు. నేనేమీ అడగలేదు.' ఆ 'దయచేసి'తో గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. టీచరమ్మ ఈసారి నాలుగు గిన్నెలు, వాటి మూతలు, ఒక పాత గోడగడియారం దించి వెళ్లింది. గడియారం ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. సోఫా నిండిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది చిట్టికి. పొద్దుటి మెసేజ్ వెళ్లిన మూడో మనిషి అక్క. అక్క దగ్గర తన సూట్‌కేసుంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం అది ఇచ్చిపోదామనే అక్క రెండు బస్సులు మారి వస్తుంది. వచ్చాక, సూట్‌కేసు మరిచిపోయానని నాలుక కరుచుకుంటుంది. సాయంత్రందాకా ఉండి, వచ్చే వారం తెస్తానని వెళ్తుంది.

గుమ్మంలో అక్క నిలబడింది. చేతిలో సూట్‌కేసు.

"తుడిచి మరీ తెచ్చాను. చూసుకో."

"అక్కా, నేను సూట్‌కేసు అడగలేదే."

"అడగలేదు. కృతజ్ఞతలు చెప్పావు. నేనేమైనా పరాయిదాన్నా?" అక్క చెప్పులు విప్పలేదు. "పోన్లే. వచ్చే ఆదివారం నుంచి రెండు బస్సుల బాధ తప్పింది."

చిట్టి నోటిదాకా మంచి మాటలు చాలా వచ్చాయి. పొద్దుట్నుంచి మంచి మాటల వల్ల జరిగింది చూసి మింగేసింది. సూట్‌కేసు నేల మీద పడుకోబెట్టి, పరదాలు అందులో కుక్కి, జిప్పు మూసింది.

"ఇది బిగుసుకుపోతోంది. బాగుచేయించి పట్రా."

అక్క వంగి జిప్పు అటూ ఇటూ లాగింది. వెన్నలా జారింది. చెల్లెలి మొహంలోకి చూసింది.

"ఒక్క వారంలో అయ్యే పనిలా లేదే," అని చెప్పులు విప్పింది. సోఫాలో చోటులేక సూట్‌కేసు మీదే కూర్చుని కాఫీ అడిగింది.

ఆ సాయంత్రం, ఇంట్లో అడ్డంగా ఉందని చెప్పి, చిట్టి నిచ్చెన మళ్లీ కిందికి దించొచ్చింది. వాన లేకపోయినా గొడుగేసుకెళ్లి, పనిగట్టుకుని దర్జీ కొట్లో మరిచిపోయి వచ్చింది.

మీ ఇంట్లోనూ ఇలాంటిదేదైనా జరిగుంటే రాసి పంపండి. వస్తువులు మాత్రం ఎక్కడివక్కడే ఉంచండి.