కునుకు పథకం

"ఈ ఊళ్ళో ఇక మీదట ఏ కుటుంబమూ ఒంటరిది కాదు. ప్రతి గడప వెనకా ప్రభుత్వం కొండంత అండగా నిలబడుతుంది" అని కుటుంబ ఆసరా శాఖ మంత్రిగారు ప్రకటించి పదకొండేళ్ళయింది. ఆ కొండ నిలబడ్డ చోటు బస్టాండు వెనక రెండు గదుల ఆఫీసు. ఒక గదిలో కోఆర్డినేటరుగారు, టైపిస్టు ఉంటారు. రెండో గదిలో కరపత్రాలుంటాయి. బయట బోర్డు మీద "మీ ఇంటి బరువు మా భుజాన" అని రాయించింది కోఆర్డినేటరుగారే. ఆ వాక్యం తట్టిన రోజు ఆయనకు తన మీద తనకే గౌరవం కలిగింది. అలాంటి రోజు మళ్ళీ రాలేదు.

ఈ ఆసరా కేంద్రంలో మొత్తం పద్నాలుగు సేవలున్నాయి. కౌన్సెలింగ్ ఉంది, అవగాహన ఉంది, శిక్షణ ఉంది, వేరే ఆఫీసుకు పంపించడం ఉంది. మిగతా పదీ ఈ నాలుగింటికే వేరే పేర్లు.

ఒక సోమవారం టైలరమ్మ వచ్చింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. గంటకో గంటన్నరకో ఒకసారి ఒత్తిగిలించకపోతే వీపు పుండు పడుతుంది. అందుచేత ఈ రెండేళ్ళలో టైలరమ్మ ఏకబిగిన రెండు గంటలు నిద్రపోయింది లేదు.

"వారానికి ఒక్కరోజు, రెండు గంటలు మా ఆయన దగ్గర ఎవరైనా కూర్చుంటే చాలండీ. నేను పడుకుంటాను."

"కూర్చుని ఏం చెయ్యాలమ్మా?"

"ఏం లేదండీ, కూర్చోవడమే. మధ్యలో ఒకసారి పక్కకి తిప్పాలి."

కోఆర్డినేటరుగారు సేవల జాబితాను పైనుంచి కిందికి చూశారు. మర్యాద కోసం కిందినుంచి పైకి కూడా చూశారు. కూర్చోవడం అందులో లేదు. పదకొండేళ్ళుగా తాను చేస్తున్నది ఆ పనే అయినా, అది సేవ కిందికి రాదని ఆయనకు ఆ రోజే తెలిసింది.

"'మంచి నిద్రకు పది సూత్రాలు' అని కరపత్రం ఉందమ్మా. ఇమ్మంటారా?"

"నిద్రెలా పోవాలో తెలుసండీ," అంది టైలరమ్మ. కరపత్రం మాత్రం పట్టి చూసి, కాగితం దళసరిగా ఉంది, కత్తిరింపు కొలతలకు పనికొస్తుందని ఇంకో నాలుగు అడిగి తీసుకుంది.

దరఖాస్తు పై ఆఫీసుకు వెళ్ళింది. మూడు నెలలకు జవాబొచ్చింది. "కూర్చునే సిబ్బంది మంజూరు కాలేదు. అయితే దరఖాస్తుదారు రెండేళ్ళుగా నిద్ర లేకుండా సేవ చేస్తున్నట్టు మీ నివేదికే తెలుపుతున్నందున, ఆమెను 'ఆదర్శ సేవామూర్తి'గా ఎంపిక చేయడమైనది. మంత్రివర్యులు స్వయంగా విచ్చేసి సన్మానిస్తారు."

కోఆర్డినేటరుగారు ఈ శుభవార్తను స్వయంగా మోసుకెళ్ళారు. టైలరమ్మ మిషను ఆపకుండానే విన్నది.

"ఎంతసేపండీ?"

"తొమ్మిదికల్లా వచ్చి స్టేజీ మీద కూర్చోవాలి. మంత్రిగారు పదింటికి వస్తారు, అంటే పదకొండు."

"మరి ఈయన దగ్గర ఎవరుంటారు?"

ఆ సంగతి జవాబులో రాయలేదు. కోఆర్డినేటరుగారు మంత్రిగారి పీఏకి ఫోను చేశారు.

"రానంటోందా? మంత్రిగారి సన్మానానికా?"

"రానని కాదు సార్. భర్తని వదిలి రాలేనంటోంది."

"ఇరవై నాలుగ్గంటలూ సేవ చేస్తూ కూర్చుంటే సేవామూర్తిని ఎప్పుడు సన్మానిస్తామయ్యా? ఎవర్నైనా కూర్చోబెట్టు."

"అలాంటి సౌకర్యం మన శాఖలో లేదు సార్. ఆవిడ దరఖాస్తు పెట్టుకుందే దానికోసం."

"దరఖాస్తు సంగతి తర్వాత. ఆ రోజు స్టేజీ మీద ఆవిడ కుర్చీ ఖాళీగా ఉందంటే, మర్నాడు నీ కుర్చీ కూడా ఖాళీ."

కేంద్రం సిబ్బంది ఇద్దరే. టైపిస్టు స్వాగతగీతం పాడాలి. ఇక మిగిలింది ఎవరో లెక్క కట్టనక్కర్లేదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి కోఆర్డినేటరుగారు డ్రైవరు మంచం పక్కన కూర్చున్నారు. రోగిని పక్కకి తిప్పే పద్ధతి మీద నాలుగు వందల మందికి శిక్షణ ఇచ్చిన మనిషి ఆయన. శిక్షణలో రోగి స్థానంలో దిండు ఉండేది. దిండు ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. డ్రైవరు మాత్రం తొంభై కిలోలు. మొదటి ప్రయత్నానికే కోఆర్డినేటరుగారికి నడుం పట్టేసింది.

డ్రైవరుకు మాట ముద్దగా వస్తున్నా, బస్సు వెనక్కి తీయించే భాష మాత్రం చెక్కుచెదరలేదు.

"రైట్... రైట్... కొంచెం లెఫ్టు కొట్టు సారూ... ఆపు, ఆపు! గోడ!"

గోడ కోఆర్డినేటరుగారి మోచేతికి తగిలింది.

"బోర్డు మీద భుజం అని రాయించింది నువ్వేనంటగా," అన్నాడు డ్రైవరు. "ఆ భుజం ఇక్కడ పెట్టు."

పెట్టారు. తర్వాత చెంచాతో నీళ్ళు పట్టారు, జారిపోయిన కాలి కింద దిండు సర్దారు, పక్కబట్ట మార్చారు. పదకొండున్నరయ్యేసరికి చొక్కా తడిసి ముద్దయింది. ఇంత పని చేస్తున్న మనిషికి నేను పది సూత్రాలు ఇచ్చానే అనుకున్నారు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది. సిగ్గుపడ్డానికి ఫారం ఏదీ లేదు కాబట్టి, అలాగే కూర్చున్నారు.

అంతలో టైపిస్టు ఫోను చేసింది. గొంతు గుసగుసగా ఉంది. వెనక మైకులో మంత్రిగారు మోగుతున్నారు.

"సార్, కొంప మునిగింది. టైలరమ్మ స్టేజీ మీద నిద్రపోయింది. సన్నగా గురక కూడా వస్తోంది. లేపమంటారా?"

కోఆర్డినేటరుగారు డ్రైవరు వంక చూశారు. డ్రైవరు ఫోను వంక చూశాడు.

"మంత్రిగారు ఎక్కడిదాకా వచ్చారు?"

"ఇంకా ఆయన బాల్యంలోనే ఉన్నారు సార్."

"లేపకండి."

"పీఏగారు చూస్తేనో?"

"మీరు అడ్డంగా నిలబడండి. ఏం జరిగినా లేపకండి," అన్నారు కోఆర్డినేటరుగారు. ఆ శాఖలో చేరాక ఎవరికైనా ఒక ఆజ్ఞ ఇవ్వడం ఆయనకు అదే మొదలు.

మంత్రిగారు రెండు గంటల నలభై నిమిషాలు మాట్లాడారు. ఆయన ప్రసంగాల వల్ల ప్రజలకు ఒరిగేదేమీ లేదని ప్రతిపక్షం వాళ్ళు అనే మాట శుద్ధ అబద్ధమని ఆనాడు రుజువైంది. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. మంత్రిగారు ప్రశంసాపత్రం చాచి నవ్వుతున్నారు, టైలరమ్మ తల పక్కకి వాల్చి ఉంది. కింద "ఆనందంతో కనులు మూసుకున్న ఆదర్శ సేవామూర్తి" అని వేశారు.

ఆ మధ్యాహ్నమే కోఆర్డినేటరుగారికి మెమో వచ్చింది. మంత్రివర్యుల కార్యక్రమం జరుగుతుండగా తమరు విధుల్లో లేరు, ఆ సమయంలో ఏ సేవ అందించారో రాతపూర్వకంగా వివరించవలసింది. ఆయన పద్నాలుగు సేవలనూ మళ్ళీ ఒకసారి చదివి, "సొంత పని" అని రాసి, సగం రోజు సెలవు పెట్టుకున్నారు.

సోమవారం ఆఫీసు తీసేసరికి గుమ్మం ముందు ఏడుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. పదకొండేళ్ళలో అంత గిరాకీ ఎన్నడూ లేదు.

"టైలరమ్మ చెప్పిందండీ," అంది ముందున్నావిడ. "సేవామూర్తికి నేను కూడా పెట్టుకుంటాను. మా అత్తగారు మంచాన పడి నాలుగేళ్ళు."

కోఆర్డినేటరుగారు నడుం మీద చెయ్యి వేసుకుని, మెల్లగా వంగి ఫారం తీశారు.

"మంత్రిగారే వస్తారాండీ? ఆయనైతే చాలాసేపు మాట్లాడతారట."

"ఈసారి ఉపమంత్రిగారు రావచ్చమ్మా."

ఆవిడ ముఖం చిన్నబోయింది. "పోనీ, కుర్చీకి చేతులుంటాయా?"

"ఉంటాయి."

"అయితే రాసుకోండి."

"మరి ఆ పూట మీ అత్తగారి దగ్గర ఎవరు కూర్చుంటారమ్మా?"

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. చూపు నడుం మీదున్న చేతి దగ్గర ఆగింది.

"మా అత్తగారు తేలికేనండీ," అంది. "ముప్ఫై ఎనిమిది కిలోలు."