నీళ్ల శాఖ, ఒకే ఒక్క బిస్కెట్టు

స్లూటర్‌మేర్ అనే డచ్చి ఊరి పురపాలక సంఘంలో మనుషులను పుట్టుకను బట్టి చూసే అలవాటు లేదని సభ్యులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. అదే సమావేశంలో, తర్వాతి అంశంగా, సభ్యుడు బాస్టియాన్ లియుంగ్‌ను చైనా వ్యవహారాల ఉపసంఘానికి అధ్యక్షుడిగా నియమించారు. ఆ ఊరికీ చైనాకూ అప్పటికి ఏ వ్యవహారమూ లేదు. బాస్టియాన్‌కు అసలే లేదు.

అమ్మానాన్నలు చైనా నుంచి వచ్చినవాళ్లే గాని, ఆయన పుట్టింది ఆ ఊరి ఆసుపత్రిలో. చదివింది డెల్ఫ్ట్‌లో నీటి ఇంజనీరింగు. ఊరేమో సముద్రమట్టానికి దిగువన ఉంది. పంపులు ఆగితే మేయరుగారు పడకగదిలోనే చేపలు పట్టుకోవచ్చు. అటువంటి ఊళ్లో కట్టలూ కాలువలూ పంపులూ చూసే నీళ్ల శాఖ తన చేతికి రావాలన్నది బాస్టియాన్ కోరిక. జీవితంలో ఆయన కోరిందల్లా అదొక్కటే. ప్రతి ఎన్నికల తర్వాతా పార్టీ అధ్యక్షురాలు విల్‌మీన్ టెర్‌హార్ ఆయన భుజం తట్టి, "నీళ్లదేముంది బాస్టియాన్, ఎవరైనా చూస్తారు. నువ్వు మాకూ చైనాకూ మధ్య వంతెనవి," అనేది. ఆయన మురిసిపోయేవాడు. వంతెన మీద అందరూ నడిచిపోతారే గాని ఎవరూ కాపురం పెట్టరన్న సంగతి ఇంటికి చేరేదాకా తోచేది కాదు.

తప్పంతా పార్టీదే అనడానికీ లేదు. ప్రచార పత్రం మీద ఆయన బొమ్మ పక్కన ఎర్ర లాంతరు వేస్తామన్నప్పుడు, "కొంచెం పెద్దది వేయండి," అన్నది ఆయనే. చైనా గురించి ఆయనకు తెలిసినవి రెండు: అమ్మానాన్నల హోటల్లో వంటకాల పేర్లు, అమ్మ తిట్లు. ఆ పెట్టుబడితోనే ఊరూరా నిపుణుడిగా ప్రసంగించాడు. ఒక సభలో చెప్పడానికి ఏమీ తోచక, "ప్రాచీన చైనా జ్ఞాని ఒకరు అన్నట్లు, తొందరపడితే తోలు మాడుతుంది," అన్నాడు. అది బాతును కాల్చేటప్పుడు వాళ్లమ్మ అనే మాట. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. విల్‌మీన్ దాన్ని పార్టీ నినాదం చేసింది.

ఇలా ఉండగా చైనా నుంచి ఒక పంపుల కంపెనీవాళ్లు, స్లూటర్‌మేర్‌లో ఫ్యాక్టరీ పెడదామా అని చూడటానికి వస్తున్నట్టు కబురొచ్చింది. విల్‌మీన్ సైకిలు గోడకు చేరవేసి రొప్పుతూ లోపలికి వచ్చింది.

"ఇది గట్టెక్కించావా, నీళ్ల శాఖ నీదే. నీవాళ్లే కదా, నీకు తెలియని మర్యాదలా?"

మర్యాదల సంగతి తేల్చడానికి మూడు ఉపసంఘాలు కూర్చున్నాయి. అందరూ ఒప్పుకునేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవని దేశం అది. మనిషికొక కాఫీ, దాంతో ఒక బిస్కెట్టు అని తేలింది. రెండో కాఫీకి రెండో బిస్కెట్టు ఇవ్వాలా అన్న ప్రశ్న తదుపరి అధ్యయనానికి వాయిదా పడింది. మధ్యాహ్నానికి రొట్టె, చీజు, మజ్జిగ ఖాయమయ్యాయి. ఇందులో వింతేమిటో బాస్టియాన్‌కూ కనిపించలేదు. ఆయన పెళ్లికీ అదే పెట్టారు.

అతిథులు చేతుల నిండా కానుకలతో వచ్చారు. బాస్టియాన్ బిస్కెట్ల డబ్బా అందరి ముందూ ఒకసారి తిప్పి మూత పెట్టేశాడు. సాయంత్రం వాళ్లను ఇంటికి తీసుకెళ్లాడు. మాటలు కుదురుతున్నాయి, ఫ్యాక్టరీకి స్థలం దాకా వచ్చాయి. ఇంతలో ఆరు కావస్తోంది, వంటింట్లోంచి ఉడికిన బంగాళాదుంపల వాసన వచ్చింది. ఆ ఊళ్లో ఎవరైనా చేసేదే ఆయనా చేశాడు. లేచి నిలబడి, "మంచిది, మాకు భోజనం వేళయింది. మీరిక బయల్దేరతారు కదూ," అని వాళ్ల కోట్లు వాళ్లకు అందించాడు.

బృందం పెద్ద చూ గారు దుబాసీ ద్వారా సెలవిచ్చారు: "డచ్చివారి మర్యాద గురించి విన్నాం. ఈరోజు కళ్లారా చూశాం. మీరు నిఖార్సయిన డచ్చివారు."

బాస్టియాన్ కళ్లు చెమర్చాయి. పుట్టాక ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఫ్యాక్టరీ బెల్జియం వెళ్లిపోయింది.

వాళ్లమ్మ నెత్తి కొట్టుకుంది. "అన్నం వేళకు ఇంట్లో ఉన్నవాళ్లని గెంటేశావట్రా! ఈ ఊరు ఊరంతా గిన్నెలు పట్టుకొచ్చి నా హోటలు ముందు నిలబడితే, నింపి పంపినదాన్ని నేను! నా కడుపునెలా పుట్టావురా?"

"ఆసుపత్రిలో తారుమారయ్యానేమోనమ్మా."

"నీ మొహం! ఓసారి అద్దంలో చూసుకుని అను ఆ మాట."

ఇక నీళ్ల శాఖ ఆశ వదులుకోవచ్చనుకున్నాడు. కాని ఊళ్లో కథ వేరుగా నడిచింది. కోటీశ్వరులకు ఒక్క బిస్కెట్టు పెట్టి ఆరింటికల్లా సాగనంపాడన్న వార్త పత్రికలో పడేసరికి జనం పొంగిపోయారు. "మనవాడేనయ్యా! ఎవడైతేనేం, అన్నం వేళ అన్నం వేళే!" అన్నాడు సంతలో చేపలమ్మే కోర్. "నేనైతే ఆ బిస్కెట్టూ సగమే ఇద్దును." తర్వాత వచ్చిన ఎన్నికల్లో బాస్టియాన్‌కు పార్టీలో ఎవరికీ రానన్ని ఓట్లు వచ్చాయి.

విల్‌మీన్ దిగులుగా వచ్చి కూర్చుంది. "జనం నిన్ను డచ్చివాడివే అనుకుంటున్నారు. ఇక నువ్వు వంతెనగా పనికిరావు."

"మరి నీళ్ల శాఖ?"

"తీసుకో. కాని వంతెన లేని పార్టీ అంటే బాగుండదు. నీ బదులు ఒకరిని ఒప్పించు, సంతకం పెడతాను."

వెతకనక్కర లేకపోయింది. కొత్తగా గెలిచిన రూత్ టెస్ఫాయ్ తల్లిదండ్రులది ఆఫ్రికాలోని ఎరిత్రియా. ఆమె పుట్టింది అదే ఆసుపత్రిలో, చదివింది అర్థశాస్త్రం, అడిగింది ఆర్థిక శాఖ. ఆమె బాధ ఊళ్లో ఒక్కడికే పూర్తిగా అర్థమవుతుంది, ఆ ఒక్కడూ బాస్టియానే. ఆయనకు నిజంగా సిగ్గేసింది. సిగ్గుపడుతూనే ఆమెను కాఫీకి పిలిచాడు.

"రూత్, నిన్ను ఆఫ్రికా స్నేహ ఉపసంఘానికి అధ్యక్షురాలిని చేద్దామనుకుంటున్నాం."

"నేను ఆఫ్రికా చూడనే లేదండీ. మాది మీ వెనక వీధే."

"నాకు తెలీదా తల్లీ? ఓపిక పట్టాలి. నేను పట్టలేదూ?"

రూత్ కాఫీ కప్పు కింద పెట్టింది. "అంటే మీ కుర్చీ కోసం నన్ను తాకట్టు పెడుతున్నారన్నమాట."

"అవును," అన్నాడు బాస్టియాన్. ఉన్నమాట మొహం మీదే అనడం ఆ దేశపు ఆచారం.

పాఠకులు ఆయన్ని తిట్టుకోవచ్చు. కాని కొత్త మనిషి తన పేరు చెప్పగానే మనం ఇంటిపేరు అడుగుతాం. ఎందుకండీ అంటే, ఊరికే అంటాం. బాస్టియాన్ ఆ అబద్ధం కూడా ఆడలేదు.