పుల్ల యాపిల్‌కి క్షమాభిక్ష లేదు

ఇంట్లో పుల్లని యాపిల్ చెట్టు పెంచుకోవడం సంఘద్రోహం! ఈ మాట పూర్తి స్పృహలోనే రాస్తున్నాను.

ఇప్పుడొచ్చే కొత్తరకం యాపిల్ తిన్నారా? కొరికితే ఆ కరకర పక్కింటికి వినబడుతుంది. పంచదార డబ్బా తలదించుకునేంత తీపి. ఫ్రిజ్‌లో పెట్టి మరిచిపోయినా నెలల తరబడి నిగనిగలాడుతూనే ఉంటుంది. మన ముఖాలు ఉంటాయా అలా?

ఆ తీపి ఊరికే వచ్చిందా? శాస్త్రవేత్తలు రెండు మంచి రకాలకి సంబంధం కలుపుతారు. వచ్చిన గింజల్ని వేలల్లో నాటి, ఏళ్లకేళ్లు పెంచుతారు. కాయ కాశాక ఒక్క కొరుకు కొరికి, నమిలి, ఉమ్మేస్తారు. నచ్చలేదా, చెట్టు పీకేయడమే. వేలల్లో ఏ ఒక్కటో నెగ్గితే దాని కొమ్మలే అంటుకట్టి ఊరూరా పంచుతారు. ఎంత శుభ్రమైన పద్ధతి! అప్పీలు లేదు, వాయిదాల్లేవు!

మావారు ఇంజనీరు. అంటుమొక్కా గింటుమొక్కా దండగని, కొన్న యాపిల్‌లోని గింజనే తెచ్చి పెరట్లో పాతారు. "తీపికాయ గింజకి తీపికాయలు కాక ఇంకేం కాస్తాయే!" అన్నారు. మా అమ్మాయికి ఆయన ఓపిక ఇసుమంతైనా రాలేదన్న సంగతి నేను గుర్తుచేయలేదు.

ఏళ్లు గడిచాక కాసింది. పిడికెడు కాయ. పిండిలా మెత్తన. నోట్లో పెడితే కన్ను దానంతటదే మూసుకుపోయే పులుపు. మా అమ్మాయి అచ్చం శాస్త్రవేత్తలాగే ఉమ్మేసింది. మొన్న ఆదివారం మావారు రంపం తెచ్చారు.

నేను మనస్ఫూర్తిగా సమర్థించాను.

అడ్డొచ్చింది మా అత్తగారు. ఆవిడవి కట్టుడు పళ్లు. కొత్తరకం యాపిల్‌ని కొరికితే అవి యాపిల్‌తోనే వెళ్లిపోతాయి. ఆ పుల్లకాయలు కాస్త పంచదార వేసి ఉడకబెట్టిస్తే మాత్రం గిన్నె అడుగు దాకా గీకి తింటారు.

"ఒరే అబ్బాయ్, ఆ రంపం ముందు నా దగ్గరికి పట్రా," అన్నారు.

"అదేంటమ్మా!"

"మెత్తబడ్డాను. నోరు విప్పితే పులుపే. నిల్వ మాట సరేసరి. నన్నొదిలేసి దాన్నెందుకురా కొట్టడం?"

మావారు రంపం గోడకి ఆనించి, టీ ఉందా అని అడిగారు.

శాస్త్రం మీద నా గౌరవం చెక్కుచెదరలేదు. చిన్న సందేహమల్లా ఒక్కటే. కొరికి చూసే ఆ పెద్దమనుషుల పక్కన, పళ్లూడినవాళ్లకి ఒక్క కుర్చీ అయినా వేశారా?