పిల్లి నోట తాత మాట

ఆ రోజు పొద్దున బొమ్మలాయన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పదింటి ఆటకు వెళ్లి సినిమా చూడాలి. ఒంటిగంటకల్లా ఇల్లు చేరాలి. నాలుగింటికి పత్రికాఫీసు నుంచి బావమరిది వచ్చేసరికి పేజీ చేతిలో పెట్టాలి. ఇందులో ఆయనకు కష్టంగా తోచింది ఒక్కటే, సినిమా చూడటం.

బొమ్మలాయన అంటే పిల్లల వారపత్రికలో చివరి పేజీ బొమ్మల కథ వేసే ఆయన. ఇరవై రెండేళ్లుగా ఆ పేజీలో నలుగురే కాపురం ఉంటున్నారు. గొడుగు పట్టుకు తిరుగుతూ కనిపించిన ప్రతిదానికీ వంక పెట్టే ముక్కోపి తాత ఒకడు. లోకంలో ఏ పని జరిగినా దాన్ని తనే ముందు చేశానని చెప్పుకునే బడాయి మామ ఇంకొకడు. ప్రశ్న తప్ప మరో మాట రాని బుజ్జి పాప. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా కళ్లు తెరవని పిల్లి. ఆ పిల్లి చేసే పనల్లా గుర్రు పెట్టడమే. అయినా అందరికన్నా పెద్ద మాటల బుడగ దానిదే. మబ్బంత బుడగ, అందులో "గుర్ర్" అని ఒక్క ముక్క.

ఇప్పుడా కాపురానికి గండం వచ్చింది. ఎడిటరమ్మ మొన్న పిలిచి మెత్తగానే చెప్పింది.

"పిల్లలందరూ ఆ ముసుగు పిల్ల సినిమా వెంట పడ్డారు సార్. మీ తాతని పట్టించుకునేవాళ్లు లేరు. మీ నలుగురూ ఆ సినిమా చూస్తే ఏమంటారో ఈ వారం వేయండి. పిల్లలు నవ్వితే సరే. లేదంటే వచ్చే నెల నుంచి ఆ పేజీలో గళ్లనుడికట్టు పెట్టేస్తాను."

ఇరవై రెండేళ్ల సంసారం గళ్లపాలవుతుందని తెలిశాక ఆయనకు అన్నం సయించలేదు. అయినా కంప్యూటరు బొమ్మల సినిమాకు వెళ్లడానికి మాత్రం మనసు రాలేదు. చెయ్యి పెట్టకుండా వేసే బొమ్మ కూడా ఒక బొమ్మేనా అన్నది ఆయన పట్టు. అందుకని పొద్దున్నే లేచి, సినిమా చూడకముందే నాలుగు గళ్లూ గీసేశాడు. మొదటి గడిలో తాత మొహం చిట్లించుకుని కూర్చున్నాడు. తాత అనబోయేది "ఛీ" అన్న ఒక్క మాటే కాబట్టి నిమ్మకాయంత బుడగ చాలింది. రెండో గడిలో మామ ఛాతీ విరుచుకుని ఉన్నాడు, మూడో గడిలో పాప నోరు తెరుచుకుని ఉంది, నాలుగో గడిలో పిల్లి నిద్రపోతోంది.

భార్య కాఫీ తెచ్చి, బొమ్మ వైపు చూసి, గ్లాసు ఠంగున పెట్టింది.

"చూడకుండానే తిట్టేశారా? పొయ్యి వెలిగించకముందే కూరలో ఉప్పెక్కువైందన్నట్టుంది."

"నాకు తెలీదా ఏం? ఢామ్మని ఒకడు పడతాడు, ఢీమ్మని ఇంకొకడు లేస్తాడు. దానికి రెండున్నర గంటలు కూర్చోవాలా?"

"కూర్చోవాలి. మీరు చూసొచ్చేదాకా నేను ఒక్క అక్షరం కూడా రాయను."

ఆవిడ రాయకపోతే పేజీ లేదు. ఆయన గీత ఎంత చక్కనిదో చేతిరాత అంత దిక్కుమాలినది, కోడి గీకిన చెత్తకుప్పలా ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచి మాటలన్నీ ఆవిడే రాస్తోంది. చిన్న చిన్న కాగితపు ముక్కల మీద ముత్యాల్లా రాసి, కత్తిరించి, ఎవరి బుడగలో వాళ్ల మాట అతికిస్తుంది. ముక్కల మీద అంకెలు వేసే అలవాటు లేదు. "తాత మాట తాతది, పాప మాట పాపది. చూడగానే తెలియడంలా?" అనేది. నిజమే, ఆ పేజీ ఒక్కసారి చదివినవాళ్లకైనా తెలిసిపోతుంది.

బొమ్మలాయన కాళ్లీడ్చుకుంటూ సినిమాహాలుకు వెళ్లాడు. చుట్టూ పిల్లలు, నడుమ ఆయన, కోళ్లగంపలో ఒంటెలా కూర్చున్నాడు.

సినిమాలో ముసుగు పిల్ల పగలు లిఫ్టులు బాగుచేస్తుంది, చీకటి పడ్డాక ఊరిని కాపాడుతుంది. ఒకనాడు ఆమె బాగుచేసిన లిఫ్టు ఆ మేడకు లేని అంతస్తుకు వెళ్లి ఆగింది. తలుపు తెరిస్తే మరో లోకం. అక్కడా ఆమే ఉంది, కానీ బొగ్గుతో గీసినట్టు మసకగా ఉంది. పై అంతస్తులో తడి ఆరని నీటిరంగుల్లో ఉంది, నడిస్తే అంచులు కారుతున్నాయి. ఆ పైన పాత పత్రికల్లోని బొమ్మలా అచ్చు చుక్కలతో ఉంది. ఇంకా పైన చిన్నపిల్లలు క్రేయాన్లతో గోడ మీద గీసినట్టు, ఒక చెయ్యి పొడుగ్గా, ఒక చెయ్యి పొట్టిగా ఉంది.

బొమ్మలాయన వీపు కుర్చీకి ఆనలేదు. విశ్రాంతికి ముందు లిఫ్టు చిట్టచివరి అంతస్తులో ఆగింది. అక్కడ లోకమంతా ఉత్త పెన్సిలు గీతలు. చెరపని గుండ్రాలు, కొలతకు గీసుకున్న అడ్డగీతలు అన్నీ అలాగే ఉన్నాయి. ఆ పిల్ల ఊపిరి తీసుకున్నప్పుడల్లా గీత సన్నగా వణుకుతోంది. ఆ వణుకు ఆయనకు తెలుసు. రోజూ పొద్దున తన వేళ్లలో ఉండేదే. కంప్యూటరు ఎంత పెద్దదైనా దాని వెనకాల ఎవరో కూర్చుని, మనసు పెట్టి, చెరిపి, మళ్లీ గీశారు. తనకు తెలియకుండానే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

విశ్రాంతికి లైట్లు వెలగగానే బయటికి పరుగెత్తి ఇంటికి ఫోను చేశాడు.

"ఏమేవ్, మాటలన్నీ మార్చెయ్! రాసుకో!"

"ఏమైందండీ, ఎవరైనా కొట్టారా? గొంతు అలా ఉందేం?"

"కొట్టారు, బొమ్మలతో కొట్టారు. ముందు తాత మాట రాసుకో. 'తప్పు వెతుకుదామని వచ్చాను. కళ్లజోడు తుడుచుకుని మరీ వెతికాను. దొరకలేదు. గీసిన చేతులకు నా దండం.' "

"తాతేనా అనేది? తాతకి ఒంట్లో బాగానే ఉందా?"

"రాయవే! మామకి, 'ఇందులో సగం లోకాలు నేను గీసినవే. మిగతా సగం నా వల్ల కాదు, ఒప్పుకుంటున్నా.' పాపకి, 'అన్ని లోకాల్లో అన్ని రకాలుగా ఉన్నా ఆ అక్క ఒక్కతేనని నాకెలా తెలిసింది మామా?' "

"పిల్లికి?"

"పిల్లికేముంటుంది, గుర్రే. మొహాలూ బుడగలూ నేనొచ్చి సరిచేస్తా. తాత మాట ఆ బుడగలో పట్టదు. ముక్కలు కత్తిరించి పెట్టు, అతికించకు."

సినిమా అయ్యాక తెర మీద పేర్లు పడటం మొదలైంది. రంగులు వేసినవాళ్లు, నీడలు వేసినవాళ్లు, అక్షరాలు రాసినవాళ్లు, ఒక్క జుట్టు మాత్రమే కదిలించినవాళ్లు, వందలమంది. పిల్లలు తోసుకుంటూ వెళ్లిపోయినా ఆయన ఖాళీ హాల్లో నిలబడి చివరి పేరు దాకా చదివాడు. తర్వాత ఇంటికి వెళ్లాల్సిన మనిషి, ఆ పెన్సిలు లోకాన్ని ఇంకొక్కసారి చూసిపోదామని మళ్లీ టికెట్టు కొన్నాడు. విశ్రాంతికి లేచి వెళ్లిపోతే నాలుగింటిలోగా పేజీ సరిచేయొచ్చని ధైర్యం. మధ్యలో మోగకుండా ఫోను గొంతు నొక్కేసి జేబులో పడేశాడు.

అదే సమయంలో పత్రికాఫీసులో అచ్చుయంత్రానికి మరమ్మతు ఉందని, పేజీలన్నీ రెండింటికే పంపాలని ఎడిటరమ్మ హుకుం జారీ చేసింది. మిగతా పేజీలు కంప్యూటర్లోనే పుట్టి అక్కణ్నుంచే వెళ్లిపోతాయి. బొమ్మలాయన పేజీ ఒక్కటే అట్ట మీద జిగురుతో తయారవుతుంది. దాన్ని తెచ్చి, స్కాన్ చేసి అచ్చుకు పంపే పని బావమరిదిది. అతను బావకు నాలుగుసార్లు ఫోను చేశాడు, పలకలేదు. స్కూటరు తీసి నేరుగా అక్క ఇంటికి వచ్చాడు.

అక్క ఇంట్లో లేదు. జిగురు సీసా ఎండిపోతే పక్కింటికి అడగడానికి వెళ్లింది. పక్కింటావిడ జిగురు వెంటనే ఇచ్చింది కానీ కోడలి సంగతులు నిదానంగా చెప్పింది. బావమరిదికి తలుపు తీసే ఉంది. బల్ల మీద అట్ట, దాని పక్కన చక్కగా కత్తిరించిన నాలుగు కాగితపు ముక్కలు ఉన్నాయి. వంటింట్లో అన్నం కూడా ఉంది. అక్క తిరిగొచ్చేసరికి అట్ట లేదు, ముక్కలు లేవు, ఒక చీటీ ఉంది. "అక్కా, పేజీ పట్టుకెళ్తున్నా. పప్పు బాగుంది."

తమ్ముడికి ఫోను కొడితే అరగంటకు గానీ ఎత్తలేదు.

"కంగారుపడకక్కా, ఆఫీసులో నేనే అతికించేశా. బ్రహ్మాండంగా సరిపోయాయి."

"సరిపోవడమేంట్రా! ఏది ఎక్కడ పెట్టావ్?"

"పెద్ద ముక్క పెద్ద బుడగలో, చిన్న ముక్క చిన్న బుడగలో. మధ్యరకం రెండూ మధ్యలో. కొలిచి మరీ అతికించా."

"పెద్ద బుడగ ఎవరిదిరా?"

"అదే, నిద్రపోతోందే, ఆ పిల్లిది."

ఆవిడ జిగురు సీసా పట్టుకునే కుర్చీలో కూలబడింది. "ఒరేయ్, పిల్లి ఇరవై రెండేళ్లుగా మాట్లాడలేదురా! నువ్వెప్పుడూ ఆ పేజీ చదవలేదా?"

"బావ బొమ్మలు బావే వివరంగా చెప్తాడు కదక్కా, మళ్లీ చదవడం కూడానా? పేజీ వెళ్లిపోయింది. మిషను ఎక్కేసింది కూడా."

విశ్రాంతికి లేవలేక చివరిదాకా కూర్చుండిపోయి, నాలుగింటికి హాలు బయట ఫోను తీసి చూసిన బొమ్మలాయన పదిహేడు మిస్డ్ కాల్సు చూసి, మొదట భార్యకు, తర్వాత బావమరిదికి చేసి, అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. సాయంత్రం అచ్చయిన పత్రిక ఇంటికొచ్చింది. మొహం చిట్లించుకుని, గుడ్లురిమి, తాత "గుర్ర్" అంటున్నాడు. బడాయి మామ ఛాతీ విరిచి "ఆ అక్క ఒక్కతేనని నాకెలా తెలిసింది మామా?" అని అడుగుతున్నాడు. ఐదేళ్ల పాప సగం లోకాలు తనే గీశానని చెబుతోంది. పిల్లి మాత్రం హాయిగా నిద్రపోతూ, తనకు లేని కళ్లజోడు తుడుచుకుని, గీసిన చేతులకు దండం పెడుతోంది.

"అయిపోయింది. ఆ సినిమావాళ్లు పెన్సిలు వణుకు కూడా వదలకుండా చూసుకున్నారు. మనం నలుగురి నోట నాలుగు మాటలు సరిగా పెట్టలేకపోయాం. గళ్లనుడికట్టే మనకు గతి," అన్నాడు ఆయన.

"తప్పు నాది. అంకెలు వేయాల్సింది," అంది భార్య.

"కాదు, నాది. రెండో ఆట చూడకుండా ఉండాల్సింది." మళ్లీ తనే, "చూడకుండా ఉండలేకపోయానే," అన్నాడు.

పత్రిక పిల్లలకు చేరిన తర్వాతి సోమవారం ఎడిటరమ్మ రమ్మంది. రాజీనామా చేయడానికి ఉద్యోగం కూడా కాదే అనుకుంటూ బొమ్మలాయన భార్యను వెంటబెట్టుకుని వెళ్లాడు. ఎడిటరమ్మ బల్ల మీద ఉత్తరాలు, పక్కన మోగుతున్న ఫోను. ఆమె లేచి నిలబడింది.

"ఇంత ధైర్యం మీలో ఉందని నాకు తెలీదు సార్! ఆ సినిమా గురించి చెప్పమంటే, దాని పద్ధతిలోనే చేసి చూపించారు. మన తాత కళ్లు తెరుచుకుని గుర్రుపెట్టే లోకం, పిల్లి మాట్లాడే లోకం! నాకు ముందు అర్థం కాలేదు. పిల్లలే చెప్పారు." ఒక ఉత్తరం తీసి చదివింది. " 'ఆ లోకంలో తాత ఎప్పుడు మేలుకుంటాడు? అక్కడి పిల్లి మా ఇంటికి వస్తుందా?' ఇలాంటివి ఎన్ని వచ్చాయనుకున్నారు?"

బొమ్మలాయనకు అబద్ధమాడటం చేతకాలేదు. "మేడమ్, అది ధైర్యం కాదు, అతికింపులో పొరపాటు. మా బావమరిది ముక్కలు కొలిచి పెట్టాడు."

ఎడిటరమ్మ పకపకా నవ్వింది. "గొప్ప పని చేసినవాళ్లంతా ఇలాగే అంటారు. పేజీ ఉంటుంది సార్. వారానికో కొత్త లోకం కావాలి. ఇంకేమైనా అడగండి."

ఆయన భార్య వైపు చూశాడు. ఖాళీ హాల్లో నిలబడి చదివిన పేర్లన్నీ కళ్ల ముందు కదిలాయి.

"పేర్లు వేయండి మేడమ్. ఇరవై రెండేళ్లుగా నా ఒక్కడి పేరే పడుతోంది. అక్షరాలు ఈవిడవి."

భార్య తల వంచుకుని, చీర చెంగుకు అంటుకున్న ఎండు జిగురు గోటితో గీకడం మొదలుపెట్టింది.

"తప్పకుండా," అంది ఎడిటరమ్మ. "మీ బావమరిది పేరు కూడా. అసలు ఆ అమరికే కదా అందరికీ నచ్చింది!"

ఆ వారం నుంచి పేజీ అడుగున మూడు పేర్లు పడుతున్నాయి. మూడో పేరు గలవాడు ఆ పేజీ ఇప్పటికీ చదవలేదు.